నడుము ముడి

కుశనూర్,
2 ఏప్రిల్ 2025, బుధవారం

తమ్ముడు ఖండప్పకు అక్క రాచమ్మ రాసేది,

ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. నువ్వు వేళకు తింటున్నావో లేదో అదే నా దిగులు. ఉగాది నాడు నువ్వు ఫోన్ చేశావు, నేను నాలుగు మాటలు చెప్పాను, నువ్వు నాలుగుసార్లు "ఆఁ?" అని పెట్టేశావు. నీ చెవులు అంత పోయాయని నాకెవరూ చెప్పలేదు. చెవిలో మిషన్ పెట్టుకుంటే పుండ్లు పడతాయని ఇక్కడ ఎవరో అన్నారు. పెట్టుకోకపోతే రోడ్డు మీద వెనక నుంచి ఆటో వస్తే ఎట్లా? రెండూ ఆలోచించుకో.

ఇక ఫోన్ వద్దు. చిన్నప్పుడు కళ్లంలో బొగ్గుముక్కతో రాసి నువ్వు నేర్పిన తెలుగు అక్షరాలు నా చేతిలో ఇంకా ఉన్నాయి. నేను రాస్తాను. శోభ ఈ కాగితాన్ని ఫోటో తీసి తన తమ్ముడు సంగమేశ్ ఫోన్‌కు పంపుతుంది. నీ బిడ్డ నాకు కోడలిగా వచ్చి ఎనిమిదేళ్లయింది, ఒక్క పనికి వంక పెట్టలేదు. ఆ ఫోన్ ఒక్కటే ఎక్కువ చూస్తుంది.

అసలు సంగతి. మా బోరు ఎండిపోయింది. నీ అల్లుడు శ్రీశైల్ పొలంలో పాత బావి పూడిక తీయిస్తానంటున్నాడు. ఆ బావే, మీ బావ పోయిన బావే. వద్దురా అన్నాను. క్రేన్ వస్తుంది, ఇనుప తీగ మీద బురద తట్టలు పైకి పోతాయి, భయం లేదంటాడు. కానీ మనిషి దిగడానికి నడుముకు తాడే కదా కట్టేది. ఆ బావి పేరు చెబితే మా ఊరివాళ్లెవరూ దిగరు. వీడే దిగుతాడట. వాడికి రెండేళ్లప్పుడు తండ్రి పోయాడు, ఇప్పుడు వాడి బిడ్డ ఆర్తికి ఆరేళ్లు. నాకు అన్నం దిగడం లేదు.

నిన్న మధ్యాహ్నం తింటూ తింటూ తలెత్తి, "తాడు నువ్వే కట్టాలె అమ్మా" అన్నాడు. నవ్వలేదు. ఎత్తిపొడిచాడా, నా మనసు ఎట్లా ఉందో చూశాడా, నాకు తెలియలేదు. చేయి కడుక్కుని లేచిపోయాను.

ముప్పయ్యొక్క ఏళ్లయింది తమ్మీ, నేను ముడి వేసి. దూడ పలుపు శోభ కడుతుంది. నా సంచి మూతికి పిన్నీసు పెట్టుకుంటాను. ఆర్తిని ఉయ్యాలలో వేసిన నాడు తాళ్లు తీయగానే, ఎవరూ చెప్పకముందే నేనే బయటికి వెళ్లి నిలబడ్డాను. మా అత్త తాయవ్వ బతికినన్నాళ్లు నా చేతి ముడి ఉన్న మూటను గడప దాటనివ్వలేదు. ఆమెను ఏమనాలి, కొడుకు పోయాడు. ఆయన నడుముకు తాడు కట్టింది నేనే. సద్ది తేవడానికి ఇంటికి పోయి వచ్చేలోపల ఆ ముడి ఊడింది, ఆయన రాళ్ల మీద పడ్డాడు. పైన తాడు పట్టుకుని ఉన్న నువ్వు ఒక్కడివే నన్ను ఏమీ అనలేదు. "చేతులు వణుకుతయి అక్కా, ఎవలకైన వణుకుతయి" అన్నావు. ఆ మాట పట్టుకునే ఇంత దూరం వచ్చాను.

నువ్వు రావాలి. మే ఐదు, సోమవారం దిగుతాడట. నా కొడుకు నడుముకు నీ చేతితో కట్టాలి. ఇంకెవరు కట్టినా నాకు నిద్ర ఉండదు.

బీపీ గోళీ మరిచిపోకు.

నీ అక్క
రాచమ్మ


బీదర్,
6 ఏప్రిల్ 2025, ఆదివారం

అక్కకు ఖండప్ప దండాలు.

నీ కాగితం ఫోన్‌లో వచ్చింది. సంగమేశ్ రెండు వేళ్లతో లాగి ఒక్కో అక్షరాన్ని గుమ్మడికాయంత చేసి చూపించాడు. నా చెవులకు దిగులు పడకు. మా ఇంటి మీద పొద్దంతా విమానాలు తిరుగుతాయి. అందరూ తల పట్టుకుంటారు, నేనొక్కడినే కునుకు తీస్తాను.

రావడం కుదరదక్కా. మోకాళ్లు లేవడం లేదు, బస్సు మెట్టు ఎక్కలేను. శ్రీశైల్‌ను దిగవద్దని చెప్పు. వేరే ఊరి నుంచి అలవాటున్న మనుషులను పిలిపించమను. వినకపోతే నేను రాసేది శోభతో రెండుసార్లు చదివించు, తాడు మీద చేసి చూపించమను. చెరుకు లారీలకు ముప్పై ఏళ్లు తాళ్లు బిగించిన చేతులు నావి, మోకాళ్లకు పట్టిన తుప్పు వాటికి పట్టలేదు.

పైన గుంజకు కట్టేటప్పుడు ముందు రెండు చుట్లు గట్టిగా తిప్పాలి. ఆ తర్వాతే తాడు మీద రెండు సగం ముళ్లు. బరువంతా చుట్లే మోస్తాయి, ముళ్లు కాపలా ఉంటాయి. చుట్లు లేకుండా ముడి ఒక్కటే వేసేవాడికి తాడు ఇవ్వవద్దు.

మనిషికి జారుముడి వేయకూడదు. బరువు పడేకొద్దీ బిగిసి ఊపిరి తీస్తుంది. దూడ మెడకైనా అంతే. కొట్టానికి నిప్పు అంటుకుంటే ఎద్దును ఒక్క గుంజుతో వదలాలి చూడు, అట్లాంటి చోట గుంజ దగ్గర వేయాలి జారుముడి.

నడుముకు అమ్మ నేర్పిన ముడే. పొడుగు తాడులో వేలు పట్టేంత కన్ను చేయాలి. కొసను నడుము చుట్టూ తిప్పి తెచ్చి, ఆ కన్నులో కింది నుంచి పైకి తీయాలి. పొడుగు తాడు వెనక నుంచి తిప్పి మళ్లీ అదే కన్నులో కిందికి దింపాలి. జానెడు కొస మిగలాలి. ఇది బిగుసుకోదు, జారదు. పని అయ్యాక తడిసిందని కత్తి పెట్టవద్దు. ఎంత నీళ్లు తాగినా, ఎంత బరువు మోసినా, దాని వెన్ను మీద బొటనవేళ్లు పెట్టి వెనక్కి వంచితే వదులవుతుంది. తనంతట తాను మాత్రం రాదు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. తాడు చాలలేదని లావు తాడును సన్న తాడును కలిపి పీటముడి వేయనివ్వవద్దు. చూడ్డానికి రాయిలా ఉంటుంది, బరువు పడగానే సన్నది జారి బయటికి వస్తుంది. అతకక తప్పకపోతే లావు దాన్ని మడిచి, సన్నదాన్ని ఆ మడతలోంచి తెచ్చి, మడత మెడ చుట్టూ తిప్పి తన కిందనే దూర్చాలి. అసలు అతకవద్దు. ఒకే తాడు కొనమను.

ఆ రోజు నువ్వు బావి దగ్గరికి పోకు. ఇంట్లో కూర్చో.

తమ్ముడు
ఖండప్ప


కుశనూర్,
11 ఏప్రిల్ 2025, శుక్రవారం

తమ్మీ,

ఎండలు ముదిరాయి, నెత్తికి తువ్వాల లేకుండా తిరగకు.

మోకాళ్లు అన్నావు. అవే మోకాళ్లతో పోయిన నెల భాల్కిలో పెళ్లికి పోయి మూడు పూటలు ఉండి, రెండు లడ్డూలు కట్టించుకుని వచ్చావని శోభ చెప్పింది. నేను కోపంతో రాయడం లేదు. నీకే కోపం వచ్చిందేమో అనుకుంటున్నాను. బావి మాట ముందుగా మామను అడగలేదని శ్రీశైల్ మీద పట్టుకున్నావా? వాడి తరఫున నేను తప్పు ఒప్పుకుంటాను. లేకపోతే నా వల్ల మనిషి పోయిన బావి కాడికి రావడం నీకూ మనసొప్పడం లేదా? అదైతే చెప్పేయి. నేను ఏమీ అనుకోను. అనుకుంటాను గానీ పైకి అనను.

నువ్వు రాసిందంతా శోభ చదివి, కొట్టంలో గుంజ దగ్గర దూడ తాడుతో చేసింది. ఆర్తి పక్కన నిలబడి తల్లికి తప్పులు చెబుతోంది. శోభ మూడుసార్లు కొసను తప్పు పక్క నుంచి తిప్పింది. నేను దూరంగా గడప మీద కూర్చున్నాను. ఒళ్లో నా చేతులు వాటంతట అవే కదులుతున్నాయి, వాటిని కొంగు కింద దాచుకున్నాను. అమ్మ మనకు మాటలతో నేర్పలేదు గుర్తుందా, వెనక నిలబడి మన చేతుల మీద తన చేతులు పెట్టి తిప్పించేది.

నాలుగోసారి శోభకు వచ్చింది. అప్పుడు నేను చెప్పాను, జొన్నల బస్తాకు కట్టి దూలం నుంచి వేలాడదీయమని. వేలాడదీసి నీళ్లు పోసి, శ్రీశైల్ దాన్ని పట్టుకుని ఊగాడు కూడా. సాయంత్రం దాకా ఉంచాం. ముడి ఊడలేదు. దించాక నువ్వు చెప్పినట్టు వెన్ను వంచితేనే వచ్చింది.

అక్కడి నుంచి నాకు కొత్త దిగులు పట్టింది. అందుకే ఈ కాగితం శోభకు ఇవ్వలేదు. అన్నం మెతుకులతో కవరు అంటించి పోస్టులో వేయిస్తున్నాను, నువ్వు ఒక్కడివే చదువుకో.

ఆ రోజు సంగతి నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను కట్టింది అమ్మ నేర్పిన ముడే. అది తనంతట తాను రాదని నువ్వే రాశావు. మరి నా చేతిలో ఎట్లా ఊడింది? కొస తక్కువ ఉంచానా? కన్ను తిరగేసి చేశానా? నువ్వు పైన ఉన్నావు, తాడును చూసింది నువ్వే. నా తప్పు ఏదో నాకు తెలిస్తే ఆ ఒక్క తప్పు శ్రీశైల్ నడుము దగ్గర జరగకుండా చూస్తాను. నన్ను నొప్పించకూడదని ఇన్నేళ్లు చెప్పలేదు, ఇప్పుడు నొప్పించినా పర్వాలేదు.

తాడు పొడుగు ఎంత కావాలని శ్రీశైల్ అడుగుతున్నాడు. ఆ రోజు ఒక్క మోకు సరిపోయిందా, ఇంకొకటి కలిపావా? బావి పది బారలు అంటారు. జవాబు తొందరగా రాయి, మళ్లీ ఆదివారానికి వాడు ఔరాద్ పోయి తాడు తెస్తాడు.

నీ అక్క
రాచమ్మ


బీదర్,
17 ఏప్రిల్ 2025, గురువారం

అక్కా,

ఫోటో రాకుండా మూసిన కవరు రాగానే నాకు తెలిసిపోయింది. లోపల చదివాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నువ్వు అన్నీ తిన్నగా అడిగావు. ముడి ఎట్లా ఊడింది, తాడు ఒకటా రెండా. బస్తా కట్టి, నీళ్లు పోసి, పరీక్ష చేసి మరీ అడిగావు. నా నోటితోనే చెప్పించాలని నీ మనసు. చెబుతాను.

నీ ముడిలో తప్పు లేదు. మోకు చాలలేదు. ఎనిమిది బారలే ఉంది. బావ అప్పటికే నువ్వు కట్టిన తాడుతో గట్టు మీద కూర్చున్నాడు, నువ్వు సద్దికి పోయావు. "ఏందిరా, పొద్దు పోతాంది" అని బావ తొందర పెట్టాడు. నేను ఎద్దు పగ్గం విప్పి తెచ్చి మోకు పై కొసకు కలిపాను. సన్న పగ్గం, లావు మోకు. పీటముడి వేశాను. ఒకసారి గుంజి చూశాను, గట్టిగా ఉంది. అప్పటికి నాకు లారీల పని లేదు, తాళ్ల సంగతి ఇంత తెలియదు. పగ్గాన్ని గుంజకు కట్టి బావను దింపాను. మోకు అంతా పోయి, బరువు అతుకు మీద పడగానే పగ్గం జారి నా చేతిలో ఖాళీగా నిలిచింది. మోకుతో సహా బావ పోయాడు.

గోడ రాళ్ల సందులు పట్టుకుని దిగాను. బావకు ప్రాణం లేదు. నీ ముడి నడుముకు అట్లాగే ఉంది. అది చూశాక నాకు ఏం బుద్ధి పుట్టిందో. బావ అన్నదమ్ములు ఎట్లాంటివాళ్లో నీకు తెలుసు, నన్ను అదే బావిలో వేసేవాళ్లు. సంగమేశ్ అప్పుడు కడుపులో ఉన్నాడు, శోభ పాలు తాగే పిల్ల. నడుము దగ్గర చేతులు పెట్టి, ముడి వెన్ను వంచి విప్పాను. మోకు పైకి తెచ్చాను. పగ్గం ఎద్దుకు కట్టాను. అప్పుడు కేకలు వేశాను. జనం వచ్చి ఏమైందంటే "నడుం కాడ ఊడింది" అన్నాను. అంతే అన్నాను. నీ పేరు నేను తీయలేదు, వాళ్లే తీశారు.

నువ్వు ఇంటి కోడలివి, చేతిలో పసివాడు ఉన్నాడు, నిన్ను ఎవరూ ఏమీ చేయరు, నాలుగు రోజులు తిట్టి మరిచిపోతారు అనుకున్నాను. అట్లా కాలేదు. అప్పటికి ఆలస్యమైపోయింది. అందుకే పండగ పండగకూ వచ్చాను, నీ పొలం పనికి వచ్చాను, నా బిడ్డను నీ ఇంటికి ఇచ్చాను. ఇంతకన్నా ఏం చేయాలో నాకు తెలియలేదు.

నువ్వు ఎట్లా కనుక్కున్నావో అడగను. ఎట్లా తిడతావో తిట్టు.

ఖండప్ప


కుశనూర్,
22 ఏప్రిల్ 2025, మంగళవారం

ఖండప్పా,

నేను ఏదీ కనుక్కోలేదు. తాడు పొడుగు ఎంత అని అడిగాను. నా తప్పు ఏది అని అడిగాను. కొడుకు బావిలో దిగుతున్నాడన్న భయంతో అడిగాను, నీ గుట్టు లాగుదామని కాదు. నేను అంత తెలివి గలదాన్ని అనుకున్నావు. అంత తెలివే ఉంటే ముప్పయ్యొక్క ఏళ్లు పట్టేదా.

నీ కాగితం కొట్టంలో నిలబడి చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి చదివి గేదె పక్కనే కూలబడ్డాను. శోభ పరుగెత్తుకొచ్చి "ఏమైంది అత్తా, ఎండదెబ్బనా" అని నెత్తిన నీళ్లు కొట్టింది. మీ నాయన చేసింది ఇది అని ఎట్లా చెప్పను? అవునమ్మా, ఎండదెబ్బే అన్నాను.

బావి కాడ నువ్వు వేసిన పీటముడి తప్పింది. అది ఎవరి చేతిలోనైనా తప్పుతుంది. దాన్ని నేను ఆ రోజే మన్నించేదాన్ని. వాళ్ల కాళ్లు పట్టుకుని నిన్ను బతికించుకునేదాన్ని కూడా, నువ్వు నా వెనక పుట్టినవాడివి, నా నడుము మీద పెరిగినవాడివి. నా ముడి ఆయనను వదల్లేదు. చచ్చాక కూడా పట్టుకునే ఉంది. నువ్వు వదిలించావు. ఆయన ఒళ్లు చల్లబడకముందే అక్కడ కూర్చుని, వెన్ను వంచి, నెమ్మదిగా విప్పావు. నాకు ఇప్పుడు కళ్లు మూస్తే నీ బొటనవేళ్లే కనబడుతున్నాయి.

ఆ పగ్గం మళ్లీ ఎద్దుకు కట్టావు. ఆ సాయంత్రం నేను ఆ ఎద్దు మెడ పట్టుకుని ఏడ్చాను. పగ్గం నా చెంపకు తగిలింది. నువ్వు అక్కడే ఉన్నావు, నన్ను లేపావు, చేతులు వణుకుతాయి అక్కా అన్నావు. ఆ మాటకు నిన్ను దేవుడిలా మొక్కాను. నువ్వు చేసినదానికి నువ్వే నన్ను మన్నించావు, నేను కళ్లకు అద్దుకుని తీసుకున్నాను. దీన్ని ఎక్కడ పెట్టుకోను?

పేరు నేను తీయలేదు అంటావు. నడుము దగ్గర కట్టింది ఎవరో ఊరంతటికీ తెలుసు. ఇంక పేరు తీసేదేముంది?

శ్రీశైల్ వచ్చే నెల ఐదున దిగుతాడు. వాడు మాటలు నేర్చే వయసు నుంచి వాళ్ల నాయనమ్మ ఒళ్లో ఒకే మాట విని పెరిగాడు, మీ అమ్మ ముడి మీ నాయనను తిన్నదని. ఆ మాట చెవిలో పెట్టుకుని ఆ బావిలో దిగకూడదు. దానికి ముందు ఆదివారం నాటికి రా. కుంటుతూ రా, ఆటో మాట్లాడుకుని రా, సంగమేశ్ భుజం పట్టుకుని రా. వాడి ఎదుట నిలబడి నాకు రాసింది చెప్పు. నేను చెబితే అది ముసలిదాని గోడు. నువ్వు చెబితేనే అది జరిగిన సంగతి.

ఇక్కడ అందరూ బాగున్నారు. నీ బిడ్డ బాగుంది.

రాచమ్మ


బీదర్,
28 ఏప్రిల్ 2025, సోమవారం

అక్కా,

రాలేను. మోకాళ్లు అని అబద్ధం రాయను. ఆ బావి గట్టు మీద నిలబడలేను.

నేను వచ్చి చెప్పాల్సిన పని కూడా లేదు. శ్రీశైల్‌కు తెలుసు. శోభను ఇచ్చే ముందు రోజు వాడిని బీదర్ కోట గోడ దగ్గరికి తీసుకుపోయి అంతా చెప్పాను. ఇది దాచి పిల్లను ఎట్లా ఇవ్వాలి అని. వాడు నన్ను ఒకటే అడిగాడు, అమ్మకు తెలుసా అని. తెలియదన్నాను. "తెల్వనియ్యకు మామా, ఆమెకు పుట్టిల్లు అంటే నువ్వొక్కనివే" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ నాటి నుంచి మేమిద్దరం ఆ మాట మళ్లీ తీయలేదు. తాడు నిన్నే కట్టమని వాడు అన్నది ఎత్తిపొడుపు కాదు, నీ ముడిలో తప్పు లేదని తెలిసే అన్నాడు. నీ ఉత్తరంలో అది చదివిన రోజే నాకు భయం పట్టింది.

సంగమేశ్‌తో కొత్త తాడు పంపుతున్నాను. అతకాల్సిన పని లేదు.

ఒక్కటి అడుక్కుంటాను. శోభకు చెప్పకు. దానికి నేను తప్ప ఇంకో తండ్రి లేడు. నువ్వు ఇన్నేళ్లు మోశావు, ఇంకెన్నేళ్లు ఉంటాం మనం. దాని కోసం ఇంకో నాలుగేళ్లు మోయి.

ఖండప్ప


కుశనూర్,
6 మే 2025, మంగళవారం

ఖండప్పకు రాచమ్మ రాసేది,

నిన్న శ్రీశైల్ బావిలో దిగాడు, పైకి వచ్చాడు. ముందే రాస్తున్నాను, నువ్వు భయపడుతూ చదవకుండా. నీ మీద కోపం ఉన్నా నీ బీపీ మీద లేదు.

సంగమేశ్ తాడు తెచ్చాడు. ఇరవై బారలు. ముప్పయ్యొక్క ఏళ్ల తర్వాత సరిపోయేంత పొడుగు తాడు పంపావు.

పొద్దున్నే క్రేన్ వచ్చింది. క్రేన్ మనిషి శ్రీశైల్ నడుముకు తాడు చుట్టబోతుంటే నేను వెళ్లి పక్కకు జరుగు నాయనా అన్నాను. గట్టు మీద పదిమంది ఉన్నారు. కాశప్ప ముసలాయన, మీ బావకు చిన్నాన్న కొడుకు, "ఒద్దు వదినా, నీ చెయ్యి ఒద్దు" అన్నాడు. శ్రీశైల్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. చిన్నప్పుడు అంగీ తొడిగేటప్పుడు అట్లాగే ఎత్తేవాడు. నా ముఖం వైపు చూడలేదు.

కన్ను చేశాను. కొస తిప్పాను. ఒక్క చోటా ఆగలేదు. ఇన్నేళ్లు ఊరుకున్న వేళ్లు అట్లా ఎట్లా పోయాయో నాకే తెలియదు. వంగి కడుతూ, వాడొక్కడికే వినబడేటట్టు, "ఎప్పటి సంది ఎరుక నీకు" అని అడిగాను.

"పెండ్లి ముంగటి దినం సంది" అన్నాడు.

"ఎనిమిదేండ్లు ఎట్ల ఊకున్నవ్?"

"నీకు పుట్టిల్లు లేకుంట అయితదని, అమ్మా."

"నాకు చేతులు లేకుంటయినయి గదరా" అన్నాను.

గుంజకు నేనే రెండు చుట్లు తిప్పి రెండు ముళ్లు వేశాను. వాడు దిగాడు. మధ్యాహ్నం దాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. శోభ అన్నం తెచ్చింది, తినలేదు. నాలుగుసార్లు దిగి నాలుగుసార్లు ఎక్కాడు. తాడు బురదతో, నీళ్లతో రెండింతలు బరువెక్కింది. ముడి కట్టింది కట్టినట్టే ఉంది. కాశప్ప దగ్గరికి వచ్చి వంగి దాన్ని వేలితో తడిమి చూశాడు. నన్ను చూశాడు. బీడీ ముట్టించుకుని పోయాడు.

పని అయ్యాక శ్రీశైల్ మళ్లీ చేతులెత్తి నిలబడ్డాడు, నేను విప్పుతానని. "నువ్వే విప్పుకో, రాకుంటే మీ మామను అడుగు" అన్నాను. అని ఇంటికి వచ్చేశాను. దారిలో ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో అనిపించింది. వాడు కొడుకు. ఇంటికి వచ్చాక వాడు అన్నం వడ్డించమన్నాడు, వడ్డించాను. ఇద్దరం మాట్లాడుకోలేదు. ఎప్పుడు మాట్లాడుకుంటామో తెలియదు. నువ్వు నాకు తమ్ముడు లేకుండా చేశావు, ఆ సంగతి సరే. వాడు నా ఎదుట కూర్చుని, నేను సంచికి పిన్నీసు పెట్టుకోవడం ఎనిమిదేళ్లు చూశాడు. అది నాకు ఎక్కువ నొప్పిగా ఉంది. నా మంచి కోసమే చూశాడు. మీరందరూ నా మంచి కోసమే చేశారు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి. శోభకు నేను చెప్పను. భయపడకు. మొగుడికి తెలుసు, తండ్రికి తెలుసు, అత్తకు తెలుసు, ఇంట్లో ఆమె ఒక్కతే ఏమీ తెలియకుండా మాకు అన్నం పెడుతోంది. ఒక మనిషిని అట్లా ఉంచడం ఎంత తప్పో నాకు తెలిసినంత నీకు తెలియదు. అందుకే నువ్వే చెప్పాలి. నోటితో చెప్పలేకపోతే రాయి. నా పేరు మీద కాదు, ఆమె పేరు మీద. ఆమె చదివి, చదివానత్తా అని నాకు చెప్పేదాకా నాకు ఒక్క కాగితం పంపకు.

నాలుగేళ్లు మోయమన్నావు. నేను దించేశాను. నిన్న గట్టు మీద దించాను.

ముప్పయ్యొక్క నాగుల పంచములకు నన్ను పుట్టింటికి తోలుకపోవడానికి తప్పకుండా వచ్చావు. చీర పట్టుకుని, బస్సు దిగి, నవ్వుతూ వచ్చేవాడివి. నేను పొద్దున నుంచే గడపలో కూర్చుని చూసేదాన్ని. ఈ యేడు రావద్దు. వస్తే శోభ కాళ్లకు నీళ్లిస్తుంది, ఆర్తి తాతా అంటుంది, శ్రీశైల్ మంచం వాలుస్తాడు. నేను పొలంలో ఉంటాను. పిలవడానికి ఎవరినీ పంపకు.

రాచమ్మ